కాశీలో పడవ ప్రయాణం: ఏ పూట, ఏ దిక్కుకు, ఎంత దూరం

డెబ్బై దాటిన అమ్మానాన్నలను తీసుకుని నవంబరు నెలాఖరులో కాశీకి వెళుతున్నామనీ, మూడు రాత్రులు ఉంటామనీ, అందులో ఒక పూట గంగలో పడవ ఎక్కించాలని ఉందనీ మీరు రాశారు. ఉదయం మేలా సాయంత్రం మేలా, పెద్ద క్రూజ్ నౌక ఎక్కాలా చిన్న పడవ మాట్లాడుకోవాలా, ఇద్దరికీ మోకాళ్ల నొప్పులు ఉన్నాయి కాబట్టి అసలు ఈ ఆలోచన పెట్టుకోవచ్చా అన్నవి మీ ప్రశ్నలు. గడచిన పదిహేనేళ్లలో ఆరుసార్లు కాశీలో ఉండి, ప్రతిసారీ కనీసం రెండు పూటలు నీటి మీద గడిపినవాడిగా నా సమాధానం ముందే చెప్పేస్తాను. సూర్యోదయానికి అరగంట ముందు అస్సీ ఘాట్‌లో చిన్న పడవ ఎక్కండి. ప్రవాహంతో పాటు ఉత్తరానికి సాగి, మాలవీయ వంతెన పక్కనున్న నమో ఘాట్‌లో దిగిపోండి. ఎక్కిన చోటికే తిరిగి రావాలన్న పట్టుదల వద్దు. సాయంత్రం హారతిని ఈ ప్రయాణంతో కలపకండి, అది వేరే పని. ఇలా ఎందుకు చెబుతున్నానో వివరంగా రాస్తాను, ఎందుకంటే కారణం తెలిస్తే అక్కడ పరిస్థితిని బట్టి మార్పులు మీరే చేసుకోగలరు.

మొత్తంమీద తూర్పు దిశగా సాగే గంగ కాశీ దగ్గర వంపు తిరిగి దక్షిణం నుంచి ఉత్తరానికి ప్రవహిస్తుంది. ఉత్తరవాహిని అని పెద్దలు అనేది దీన్నే. ఊరంతా పడమటి ఒడ్డున, వంపుకు వెలుపలి వైపున, గట్టి సున్నపు గుండ్లు కలిసిన ఎత్తైన మట్టి కట్ట మీద ఉంది. ఏ నదికైనా వంపు వెలుపలి వైపు లోతు ఎక్కువ, లోపలి వైపు ఇసుక మేట పడుతుంది. అందుకే ఇక్కడ లోతైన పాయ మెట్లను ఆనుకునే పోతుంది, ఎదుటి ఒడ్డున మాత్రం ఇల్లూ వాకిలీ లేని తెల్లటి ఇసుక తిన్నె కనిపిస్తుంది. ఆ తిన్నె వెనుక నుంచి సూర్యుడు లేస్తాడు. అడ్డు ఏమీ లేదు కాబట్టి తొలి కిరణం నేరుగా వచ్చి మెట్ల మీద, కోట గోడల మీద, గోపురాల మీద పడుతుంది. సాయంత్రం ఇదంతా తలకిందులవుతుంది. సూర్యుడు ఊరి వెనక్కి దిగుతాడు, ఘాట్లన్నీ నీడలోకి వెళ్లిపోతాయి, పడవలో కూర్చున్నవారికి ఒక నల్లటి అంచు మాత్రమే మిగులుతుంది. ఊరిని చూడాలంటే ఉదయం, దీపాలు చూడాలంటే సాయంత్రం అని నేను అనేది అందుకే. ఈ రెండింటినీ ఒకే టికెట్టులో ఇస్తామనేవారి మాట నమ్మి సాయంత్రం ఎక్కినవారు సగం కాశీని చీకట్లో వదిలేసి వస్తారు.

నవంబరు చివర కాశీలో సూర్యోదయం సుమారు 6:20కి అవుతుంది. 5:45కల్లా అస్సీలో ఉంటే సరిపోతుంది. ఆ వేళకు అక్కడ ఉదయపు హారతి నడుస్తూ ఉంటుంది, దాన్ని ఒడ్డునే చూసి పడవ ఎక్కవచ్చు. మీరు డిసెంబరు ఆఖరి వారమో జనవరి మొదటి పక్షమో అని రాసి ఉంటే మరోలా చెప్పేవాడిని. ఆ రోజుల్లో పొగమంచు ఎంత దట్టంగా పడుతుందంటే పడవ ముందు కొనలో కూర్చున్న మనిషి వెనక కొన వాడికి కనిపించడు, అలాంటప్పుడు గంటలకొద్దీ పడవలను ఆపేస్తారు కూడా. వానకాలంలో, అంటే జూలై నుంచి సెప్టెంబరు దాకా, ప్రశ్నే లేదు. మెట్లన్నీ మునిగిపోతాయి, ఒక ఘాట్ నుంచి ఇంకో ఘాట్‌కు దారి ఉండదు, నీటి మట్టం పెరగగానే పడవలను నిషేధిస్తారు. ఇక్కడ గంగకు ప్రమాద మట్టం 71.26 మీటర్లు, 1978 సెప్టెంబరులో అది 73.9 మీటర్ల దాకా వచ్చింది. మీరు వెళ్లే సమయానికి కార్తీక పౌర్ణమి దాటిపోతుంది కాబట్టి ఆ రాత్రి జరిగే దేవ దీపావళి రద్దీ కూడా మీకు ఉండదు. లక్షల దీపాల మధ్య గంగను చూడటం గొప్ప దృశ్యమే, కానీ మోకాళ్ల నొప్పులున్న పెద్దవారితో ఆ తొక్కిసలాటలోకి దిగమని నేను చెప్పను.

ఇక పడవ సంగతి. కాశీలో ఇప్పుడు నాలుగు రకాలు దొరుకుతాయి. తెడ్లతో నడిపే చిన్న పడవలు, ఇంజను బిగించిన పడవలు, పైన డాబా లాంటి రెండో అంతస్తు ఉన్న బజ్రాలు, ఎ.సి. గది, టాయిలెట్టు, టిఫిను అన్నీ ఉన్న క్రూజ్ నౌకలు. క్రూజ్‌ను నేను చిన్నచూపు చూడను. మీ నాన్నగారికి గంటకోసారి టాయిలెట్టుకు వెళ్లవలసిన ఇబ్బంది ఉంటే ఇంకేమీ ఆలోచించకుండా అదే ఎక్కండి, ఎందుకంటే చిన్న పడవలో ఆ సదుపాయం లేదు, మధ్యలో ఒడ్డుకు చేర్చినా మెట్లెక్కి వెతుక్కోవాలి. కానీ అది నది మధ్యలో, తన వేగంతో, తన మైకు చెప్పే కథతో పోతుంది. మీకు నచ్చిన చోట ఆగదు. ఇంజను పడవల్లో చాలా వాటిని 2021 తరవాత డీజిల్ నుంచి సీఎన్‌జీకి మార్చారు, నమో ఘాట్ దగ్గర నీటి మీదే తేలే గ్యాసు బంకు కూడా ఉంది. పొగ తగ్గింది, చప్పుడు మాత్రం పూర్తిగా పోలేదు.

నా ఓటు తెడ్ల పడవకే. ఆ తెడ్డు మరేమీ కాదు, పొడవాటి వెదురు గెడ చివర బిగించిన చిన్న చెక్క పలక. పడవ అంచున ఉన్న గూటానికి దాన్ని తాడుతో మూడు నాలుగు చుట్లు చుట్టి కడతారు. లాగినప్పుడల్లా ఆ తాడు కిర్రుమంటుంది, తాడు ఎండి ఒరుసుకుంటోందనిపిస్తే పడవవాడు చేతిని గంగలో ముంచి దాని మీద నీళ్లు చిలకరిస్తాడు, మళ్లీ లాగుతాడు. పోయినసారి మేము వెళ్లిన పడవలో ఒక మూల కోసిన నూనె డబ్బా ఒకటి ఉండేది, ప్రతి పది నిమిషాలకూ పడవవాడి కొడుకు దానితో అడుగున ఊరిన నీటిని తోడి బయట పోసేవాడు. మా ఆవిడ మొదట భయపడింది. చెక్క పడవలో కొద్దిగా నీరు ఊరడం మామూలే, తోడేవాడు ఉన్నాడా లేదా అన్నదే చూసుకోవాలి. ఈ నిదానంలో ఒక లాభం ఉంది. ఒక్కొక్క గోడ ఎదుట రెండు మూడు నిమిషాలు గడుస్తాయి, అడగదలచుకున్నది అడగడానికి, వినడానికి వ్యవధి దొరుకుతుంది. తెడ్ల పడవ దొరకకపోతే ఇంజను పడవే మాట్లాడుకుని, దిగువకు పోయేటప్పుడు కొంతసేపు ఇంజను ఆపి ప్రవాహానికి వదిలెయ్యమని ముందుగా ఒప్పించండి. మంచివాడైతే ఒప్పుకుంటాడు.

బేరం విషయంలో మనవాళ్లు తరచూ మోసపోయేది ధరలో కాదు, మాటలో. "మణికర్ణిక దాకా" అని ఒకడంటాడు, దశాశ్వమేధం దాటగానే దూరం నుంచి అక్కడి చితుల పొగ చూపించి పడవ తిప్పేస్తాడు. అందుకని మనిషికి ఇంత అని కాకుండా పడవ మొత్తానికి ఇంత అని, ఎక్కే ఘాట్, దిగే ఘాట్, ఎంత సేపు, మధ్యలో ఇంకెవరినీ ఎక్కించకూడదు అన్నవి నాలుగూ తేల్చుకుని, డబ్బు దిగాక ఇస్తామని చెప్పండి. ఒకవైపు ప్రయాణానికి రానూపోనూ ధర అడిగితే అది అన్యాయం కాదు, ఖాళీ పడవను అతడు ఏటికి ఎదురు లాక్కుని వెనక్కి రావాలి కదా. పడవ మీద నగరపాలక సంస్థ ఇచ్చిన లైసెన్సు నంబరు రాసి ఉందో లేదో, లైఫ్ జాకెట్లు మీ అందరికీ సరిపడా ఉన్నాయో లేదో ఎక్కక ముందే చూడండి. జాకెట్లు పడవ అడుగున మూటకట్టి ఉంటే లేనట్టే లెక్క, బయటికి తీయించి తొడుక్కోండి. తెలుగు యాత్రికుల బస ఎక్కువగా ఉండే మానససరోవర ఘాట్, కేదార ఘాట్ చుట్టుపక్కల పడవవాళ్లలో తెలుగు ముక్కలు వచ్చినవారు దొరుకుతారు. ముందురోజు సాయంత్రమే అటు నడిచి వెళ్లి ఒకరితో మాట్లాడి పెట్టుకుంటే, తెల్లవారుజామున చలిలో అస్సీలో నిలబడి బేరమాడే బాధ తప్పుతుంది.

మోకాళ్ల గురించి. నవంబరు చివరికి నీరు బాగా దిగిపోయి ఉంటుంది కాబట్టి చాలా ఘాట్లలో పడవ చేరడానికి నిట్టనిలువు మెట్లు యాభైకి పైగా దిగాలి. వరద తీసిన తరవాత కింది మెట్ల మీద ఒండ్రు జిగురుగా ఉంటుంది. అస్సీలో కట్ట వెడల్పుగా, మెట్లు తేలికగా ఉంటాయి, ఆటో దగ్గర దాకా వస్తుంది. అటు చివర నమో ఘాట్ కొత్తగా కట్టినది, ర్యాంపు ఉంది, వాహనం నిలుపుకునే చోటు ఉంది. ఈ రెండింటి మధ్య పెద్దవారిని ఎక్కడా ఎక్కించకుండా దించకుండా ఉంటే మోకాళ్ల సమస్యలో మూడొంతులు అక్కడే తీరిపోతుంది. పడవలోకి దిగేటప్పుడు పడవవాడు చెయ్యి చాస్తాడు, అరచేయి కాకుండా మణికట్టు పట్టుకోమనండి, తడి చేతులు జారుతాయి. లోపలికి అడుగు పెట్టగానే నిలబడకుండా కూర్చోవాలి, ఒక్కొక్కరుగా, ఒకరు కూర్చున్నాకే ఇంకొకరు. తెల్లవారుజామున నీటి మీద గాలి చలిగా ఉంటుంది, శాలువా, చెవులకు మఫ్లరు తప్పనిసరి.

కూర్చునే చోటు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ అదే సగం ప్రయాణం. అస్సీ నుంచి దిగువకు పోతున్నప్పుడు ఘాట్లన్నీ మీకు ఎడమ చేతి వైపు ఉంటాయి. అమ్మానాన్నలను ఎడమ వైపు పలక మీద కాకుండా, కుడి వైపు పలక మీద ఎడమ వైపుకు చూసేలా కూర్చోబెట్టండి. మెడ తిప్పకుండా ఊరంతా ఎదురుగా నడిచి వెళుతుంది. సూర్యుడు వాళ్ల వీపు మీద ఉంటాడు. ఎడమ వైపు పలక మీద వెనక్కి తిరిగి కూర్చున్నవారు గంటన్నర పాటు మెడ విరుచుకోవాలి.

ఈ పొడవునా సుమారు ఎనభై నాలుగు ఘాట్లు ఉన్నాయంటారు. వాటన్నిటి పేర్లూ వల్లించే గైడు మీకు అక్కర్లేదు, నాలుగైదు చోట్ల కళ్లు నిలిపితే చాలు. అస్సీ దాటగానే తులసీ ఘాట్, తులసీదాసు కడపటి రోజులు గడిపిన చోటు. ఇంకొంత దూరంలో చేత్‌సింగ్ కోట వస్తుంది. 1781 ఆగస్టులో ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ కాశీ రాజు చేత్‌సింగ్‌ను ఇక్కడే నిర్బంధించాడు. కంపెనీ సిపాయిలకూ రాజు మనుషులకూ జరిగిన కొట్లాటలో రాజు నది వైపు కిటికీలోంచి తలపాగాలు ముడివేసిన తాడు పట్టుకుని దిగి పడవలో తప్పించుకుపోయాడు. తరవాత కొన్ని రోజులకు హేస్టింగ్సే ప్రాణభయంతో చునార్ కోటకు పారిపోవలసి వచ్చింది. ఒడ్డు మీద నడిచేవారికి ఆ గోడ ఒక అడ్డం మాత్రమే. పడవలోంచి తల ఎత్తి ఆ కిటికీల ఎత్తు చూస్తే ఆ రోజు ఎంత తెగింపు కావలసి వచ్చిందో తెలుస్తుంది. ఇంకో సంగతి కూడా గమనించండి. నదిని ఆనుకుని ఉన్న ఈ రాజభవనాలన్నిటికీ కింది భాగం బోసి గోడ, కిటికీలు బాగా పైనే మొదలవుతాయి. ఏటేటా వచ్చే వరదను లెక్కపెట్టుకుని కట్టారు. నీటి గుర్తు ఎక్కడిదాకా పోయిందో గోడ రంగును బట్టి మీరే పోల్చుకోవచ్చు.

అక్కడి నుంచి కేదార ఘాట్ దాకా ఉన్న ముక్క తెలుగువారికి కొంచెం ఎక్కువ కావలసినది. హనుమాన్ ఘాట్ దగ్గర, తెలుగు కుటుంబంలో పుట్టిన వల్లభాచార్యులు గంగలో దేహం వదిలారని సంప్రదాయం చెబుతుంది. ఆ తరవాత హరిశ్చంద్ర ఘాట్. కాటికాపరి వేషంలో హరిశ్చంద్రుణ్ణి నాటకాల్లో చూసి పెరిగిన మీ నాన్నగారి తరం ఇక్కడ ఒక్కసారి మౌనంగా అయిపోతుంది, నేను చాలామందిలో చూశాను. దాన్ని ఆనుకుని కొద్ది దూరంలోనే విజయనగరం ఘాట్, మన విజయనగరం రాజులు కట్టించినది. దాని పక్కనే ఎర్రటి తెల్లటి నిలువు చారలతో కేదారేశ్వరుని గుడి, ద్రావిడ పద్ధతిలో. ఇంకొంచెం ముందుకు వస్తే మానససరోవరం, దాని వెనుక సందులో ఆంధ్రాశ్రమం. కాశీలో తొమ్మిది నిద్రలు చేయాలని వచ్చిన మన పెద్దలలో ఎంతోమంది ఆ సందుల్లోనే తొమ్మిది రాత్రులూ గడిపి, ఈ మెట్లు దిగే స్నానం చేసి వెళ్లారు. ఈ ముక్క దగ్గర పడవను నెమ్మదిగా పోనివ్వమనండి.

దశాశ్వమేధం దగ్గర ఉదయం పూట స్నానాల రద్దీ తప్ప ఎక్కువ చూడవలసినది లేదు, త్వరగా దాటేయవచ్చు. దాని తరవాత వచ్చే మాన్ మందిర్‌ను మాత్రం వదలకండి. అంబర్ రాజు మాన్‌సింగ్ కట్టించిన ఆ భవనానికి ఉత్తరపు మూలన చెక్కిన రాతి గవాక్షం ఒకటి నదిలోకి చొచ్చుకు వచ్చి ఉంటుంది, పొద్దుటి వెలుగులో దాని కింది చెక్కడం ఒక్కొక్క ఆకూ విడివిడిగా కనిపిస్తుంది. ఆ మేడ పైనే సవాయి జైసింగ్ 18వ శతాబ్దంలో నక్షత్రశాల కట్టించాడు, ఢిల్లీ, జైపూర్, ఉజ్జయిని, మథురలతో పాటు ఆయన కట్టించిన ఐదింటిలో ఇది ఒకటి. తరవాత లలితా ఘాట్ మీద నేపాలీ చెక్క గుడి, దాని పక్కన 2021 డిసెంబరులో తెరిచిన విశ్వనాథ ధామ్, అంటే విశ్వనాథుని గుడి చుట్టూ పాత సందులు తీసేసి కట్టిన ప్రాంగణం, తాలూకు విశాలమైన మెట్లు. ఆ మెట్ల పరిమాణం పక్కనున్న పాత గోడల పరిమాణంతో కలవదు. కొందరికి అది ఊరట, కొందరికి బాధ. పోగొట్టుకున్న సందుల్లో తిరిగినవాడిని కాబట్టి నేను రెండో జట్టు.

మణికర్ణికకు వచ్చేసరికి కెమెరా సంచిలో పెట్టించండి. చితి దగ్గర ఫొటోలు తీయకూడదన్నది అక్కడి కట్టుబాటు, తీస్తే నిలదీసే హక్కు అక్కడ కూర్చున్న కుటుంబానిది. మసిబారిన గోపురాల కింద, కట్టెల మోపులు దించుకుంటున్న బరువైన పడవల పక్కగా మీ పడవ పోతుంది. అమ్మగారు ఈ చోటును చూడటానికి జంకుతారేమోనని మీరు రాశారు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడు ఒకటేనన్న సామెత వింటూ పెరిగినవారు మనకంటే నిబ్బరంగా చూస్తారు. ఆగమని ఆవిడ అంటే ఆగండి, వద్దంటే ఎదుటి ఒడ్డు వైపుగా దాటించమనండి, పడవవాడికి అది అలవాటే. దాని పక్కనే రత్నేశ్వర మహాదేవుని గుడి ఒక పక్కకు ఒరిగి నిలబడి ఉంటుంది, సంవత్సరంలో చాలా నెలలు దాని గర్భగుడి నీళ్లలోనో ఒండ్రులోనో ఉంటుంది. తల్లి ఋణం తీర్చుకున్నానని గర్వించిన కొడుకును తల్లి శపించిందని కథ చెబుతారు. పునాది కుంగిందన్నది ఇంజనీర్ల మాట. పక్కనే సింధియా ఘాట్ కూడా 19వ శతాబ్దంలో కట్టిన కొద్ది కాలానికే తన బరువుకు తానే కుంగిపోయింది, కాబట్టి నేను ఇంజనీర్ల వైపే.

చాలా పడవలు ఇక్కడే వెనక్కి తిరుగుతాయి. తిరగనివ్వకండి. ఇంకో పావు గంట ముందుకు పోతే పంచగంగా ఘాట్ వస్తుంది, నా దృష్టిలో ఈ ప్రయాణమంతటికీ ఫలం అదే. కార్తీకంలో వెదురు గెడల కొనలకు బుట్టల్లో వేలాడదీసే ఆకాశదీపాలకు పేరుపడిన చోటు. కబీరు తెల్లవారకముందే ఇక్కడి మెట్ల మీద పడుకుని, స్నానానికి దిగుతున్న రామానందుల పాదం తగిలించుకుని మంత్రం సంపాదించాడని చెప్పే కథ జరిగినది ఇక్కడే. పైన, బిందుమాధవుని పాత గుడి ఉన్న చోట ఔరంగజేబు కాలంలో కట్టిన మసీదు నిలబడి ఉంది. దాని ఎత్తైన మినార్లు ఒకప్పుడు ఊరికి దూరం నుంచే కనిపించే గుర్తు, వాటిలో ఒకటి 1948లో కూలిపోయింది, రెండోదీ ఇప్పుడు లేదు. పాత చిత్రాలలో మినార్లతో చూసినవారికి ఆ ఆకాశం కొంచెం ఖాళీగా అనిపిస్తుంది. ఈ ఘాట్ పైనే త్రైలింగ స్వామి మఠం ఉంది. విజయనగరం ప్రాంతంలో పుట్టి కాశీ చేరి, 1887లో ఇక్కడే సమాధి చెందిన ఆ యోగికి ఆ పేరు వచ్చింది ఆయన తెలుగు నేల వాడు కావడం వల్లనే. ఆయన గంటల తరబడి నీటి మీద తేలుతూ ఉండేవారని కాశీవాసులు ఇప్పటికీ చెప్పుకుంటారు. మఠం దాకా ఎక్కే మెట్లు మాత్రం నిటారుగా ఉంటాయి, అమ్మానాన్నలను పడవలోనే ఉంచి మీరు ఒక్కరే ఎక్కి రండి, పడవవాడు పదిహేను నిమిషాలు ఆగుతాడు. ఈ ఆగడాన్ని కూడా బేరంలోనే కలపండి.

ఆ తరవాత జనం తగ్గిపోతారు. త్రిలోచన, గాయ్ ఘాట్ల మీదుగా సాగుతుంటే బట్టలు ఉతికేవారు, గేదెలు, చదరంగం ఆడే ముసలివాళ్లు తప్ప యాత్రికులు కనిపించరు. ఎదురుగా 1887లో తెరిచిన ఇనుప వంతెన పెరుగుతూ వస్తుంది, కింద రైలు, పైన రోడ్డు. మొదట దానికి అప్పటి వైస్రాయి డఫరిన్ పేరు, 1948లో మాలవీయ పేరు పెట్టారు. వంతెన దాటితే వరుణా నది గంగలో కలిసే సంగమం, ఆదికేశవుని గుడి. మనవాళ్లు పూర్వం పంచతీర్థ స్నానం పేరుతో ఈ దారినే పడవలో వచ్చేవారు. అస్సీలో మొదలుపెట్టి, దశాశ్వమేధంలో మునిగి, నేరుగా ఆదికేశవం దాకా పోయి, వెనక్కి వస్తూ పంచగంగలో, చివరికి మణికర్ణికలో ముగించేవారు. అంటే మీరు చేయబోయేది కొత్త ముచ్చటేమీ కాదు, ఒక పాత యాత్రకు సగం. మీ అమ్మగారికి ఆ మాట చెప్పండి, పడవ ఎందుకమ్మా దండగ అనడం మానేస్తారు. అస్సీ నుంచి నమో ఘాట్ దాకా తెడ్లతో సుమారు రెండు గంటలు పడుతుంది, ఎనిమిదిన్నరకల్లా ఆటోలో బసకు చేరతారు.

సాయంత్రం హారతి గురించి ఒక అనుభవం చెప్పాలి. రెండోసారి వెళ్లినప్పుడు మా అమ్మను దశాశ్వమేధం ఎదుట పడవలో కూర్చోబెట్టాను. పూజారులు నది వైపు తిరిగి నిలబడి హారతి ఇస్తారు కాబట్టి నీటి మీది నుంచి వాళ్ల ముఖాలు, దీపాల వరుస నేరుగా కనిపిస్తాయి, మెట్ల మీద కూర్చున్నవారికి ఆ అదృష్టం లేదు. అంతవరకు నిజమే. కానీ మా పడవ వెనక ఇంకో పదిహేను పడవలు ఒకదానికొకటి తాళ్లతో కట్టుకుని నిలిచాయి. హారతి మధ్యలో అమ్మకు టాయిలెట్టు అవసరమైంది. కదలడానికి దారి లేదు. హారతి ముగిసి, వెనక పడవలు ఒక్కొక్కటే విడిపోయి, మేము ఒడ్డు చేరేసరికి గంటంపావు. ఆ గంటంపావు అమ్మ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఇప్పుడు పెద్దవాళ్లతో వెళితే ఒడ్డున ఉన్న మేడల పైకప్పుల మీద కుర్చీ దొరికే చోటు వెతుక్కుంటాను, లేకపోతే రద్దీ తక్కువగా ఉండే అస్సీ హారతికి తీసుకువెళతాను. మీరు పడవలోనే చూడాలనుకుంటే గట్టు దగ్గరి మొదటి వరుస ఒద్దు, బయటి వరుసలో చివర ఉండేలా పడవవాడితో ముందే మాట్లాడండి. దృశ్యం కాస్త దూరమవుతుంది, కానీ ఎప్పుడంటే అప్పుడు విడిపించుకు రావచ్చు.

చిన్నచిన్నవి రెండు మిగిలాయి. చలికాలంలో దూరదేశాల నుంచి వచ్చే తెల్లటి నీటి పక్షులు పడవ చుట్టూ మూగుతాయి, కారప్పూస పొట్లాలు అమ్మేవాళ్లు పక్క పడవల్లో వచ్చి చేతికి ఇస్తారు. ఫొటోకు బాగుంటుంది, పక్షికి మంచిది కాదు, కొనకండి. రామనగర్ కోట నుంచి మాలవీయ వంతెన దాకా ఉన్న ఈ ఏడు కిలోమీటర్లను 1989లో తాబేళ్ల అభయారణ్యంగా ప్రకటించి 2020లో ఆ హోదా తీసేశారు, కాబట్టి ఈ నీటిలో ఉన్న ప్రాణుల గురించి పట్టించుకోవలసినది ఇక మనమే. రెండోది, తీర్థం. పడవలోంచి వంగి దోసిలితో నీళ్లు తీసుకుని తల మీద చల్లుకోండి, నోట్లో పోసుకోనివ్వకండి. మురుగు కాలువలను మళ్లించే పని ఎంతో జరిగినా ఊరి ఎదుట నీరు తాగడానికి పనికిరాదు. ఇంటికి తీసుకువెళ్లే గంగ చెంబు నింపుకోవాలని అమ్మగారు పట్టుబడితే అస్సీ కంటే ఎగువన, నది మధ్య పాయలో నింపించండి. ఎక్కగానే మొదట పది నిమిషాలు ఎగువకు తీసుకువెళ్లమని పడవవాడికి చెబితే ఆ పనీ అయిపోతుంది, అక్కడి నుంచి పడవ తిప్పేసరికి ఇసుక తిన్నె మీద ఎరుపు మొదలవుతుంది.